కడుపు పుండు నుంచి రక్తస్రావం: ఎండోస్కోపీ ఆ రాత్రే చేయాలా?

కనిగిరి వాసి:
మా నాన్న రాత్రి కాఫీ పొడి కలిపినట్టు నల్లగా వాంతి చేసుకున్నారు. ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. సెలైన్ పెట్టారు, ఏదో ఇంజెక్షన్ ఇచ్చారు. నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూసే ఎండోస్కోపీ మాత్రం మర్నాడు మధ్యాహ్నం చేసి, పుండుకు క్లిప్పు వేశారు. లోపల రక్తం కారుతుంటే తెల్లవారేదాకా చూస్తూ కూర్చోవడం వైద్యమా?

కావలి శీను:
డబ్బు కట్టేదాకా ఎవరూ కదలరు. మా మేనమామకూ ఇదే జరిగింది.

ఒంగోలు సిస్టర్:
తమ్ముడూ, అది చూస్తూ కూర్చోవడం కాదు. ముందు బీపీ నిలబడాలి. బీపీ పడిపోయిన మనిషికి గొట్టం దించితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ ఇంజెక్షన్ పాంటోప్రజోల్ అయి ఉంటుంది. కడుపులో ఆమ్లం తగ్గితేనే గడ్డకట్టిన రక్తం అక్కడ నిలుస్తుంది. ఎండోస్కోపీ 24 గంటల్లోపు చేస్తే చాలు. హాంకాంగ్ వైద్యులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, తొందరపడి 6 గంటల్లోపు చేసినా మరణాలు తగ్గలేదు.

కనిగిరి వాసి:
హాంకాంగ్ సంగతి నాకెందుకు? హిమోగ్లోబిన్ 8 ఉంటే ఒక్క బాటిల్ రక్తం కూడా ఎక్కించలేదు. దానికేమంటారు?

ఒంగోలు సిస్టర్:
గుండె జబ్బు లేని మనిషికి 7 కంటే తగ్గితేనే ఎక్కిస్తారు. 2013లో స్పెయిన్ వైద్యులు దీన్ని పరీక్షించి చూశారు. ధారాళంగా ఎక్కించిన వారిలోనే మళ్లీ రక్తస్రావం ఎక్కువైంది, మరణాలూ ఎక్కువే.

పొదిలి మాస్టారు:
పుండు ఎందుకు వచ్చిందో ఒక్కరూ అడగరేం? మన పడమటి మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసి, మందుల షాపులో డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలు కొని పరగడుపున మింగేవాళ్లు ఊరూరా ఉన్నారు.

కనిగిరి వాసి:
అంటే తప్పు మా నాన్నదా మాస్టారూ? జీవితమంతా పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ కొట్టం దగ్గర వేడిలో నిలబడ్డ మనిషి. మోకాళ్లు లేవనివ్వకపోతే మాత్ర వేసుకోక ఏం చేస్తాడు?

పొదిలి మాస్టారు:
ఆయనది తప్పని నేననలేదు. చీటీ లేకుండా అమ్మేవాడి మాట ఎత్తాను.

ఒంగోలు సిస్టర్:
ఆ రాత్రి చేయవలసిందంతా చేశారు. ఇంకా ఎందుకు నిందిస్తున్నారు?

కనిగిరి వాసి:
చేశారేమో, మాకెవరు చెప్పారు? నల్ల మరకల తువ్వాలు ఒళ్లో పెట్టుకుని మా అమ్మ వరండాలో కూర్చుంది. "ఇంకేమీ చేయరా నాయనా" అని అడుగుతూనే ఉంది. మీరిక్కడ రాసిన నాలుగు ముక్కలు ఆ డ్యూటీ డాక్టరు ఆమెతో అని ఉంటే చాలు.

ఒంగోలు సిస్టర్:
రాత్రి వార్డంతటికీ ఒక్క డాక్టరే ఉంటారు. నిలబడి మాట్లాడే తీరిక ఎక్కడిది?

కనిగిరి వాసి:
కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవడానికి తీరిక దొరికింది కదా.

ఒంగోలు సిస్టర్:
సంతకం లేకుండా గొట్టం దించలేరు తమ్ముడూ. అది అలా ఉంచండి. కడుపులో పుండు పుట్టించే పైలోరి బ్యాక్టీరియా ఉందేమో పరీక్ష చేశారా? రక్తస్రావం వేళ లేదని వచ్చినా నమ్మలేం, తర్వాత మళ్లీ చేయించాలి. ఉంటే మందులతో పోగొట్టాలి. పోగొట్టకపోతే పుండు తిరగబెట్టవచ్చు.

కనిగిరి వాసి:
ఆ పరీక్ష ఒకటుందని నాకు ఇప్పుడే తెలిసింది.