లేపాక్షి నంది లేని అవార్డుల సీజన్: ఈసారి జాతీయ అవార్డు ఎవరికి, మన నంది సంగతేంటి?

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

2024 సినిమాలకు ఇచ్చే 72వ జాతీయ అవార్డుల మీద అందరూ అంచనాలు వేస్తున్నారు. నావీ చెబుతాను. ఉత్తమ తెలుగు చిత్రం '35 చిన్న కథ కాదు'. లెక్కల్లో పాస్ మార్కులు రాని కొడుకు కోసం తల్లే పుస్తకం ముందేసుకుని కూర్చునే తిరుపతి కథ అది. మా ఇంట్లో చూశాక వారం రోజులు దాని గురించే మాట్లాడుకున్నాం. నివేదా థామస్‌కు ఉత్తమ నటి కూడా రావాలి. ఉత్తమ నటుడు మాత్రం మలయాళానికే పోతుంది. 'భ్రమయుగం'లో మమ్ముట్టి అంత భయపెట్టాడు. అల్లు అర్జున్‌కు 'పుష్ప' మొదటి భాగంతో ఒకసారి వచ్చేసింది. అదే పాత్రకు రెండోసారి ఇవ్వడం కష్టం.

ఇప్పుడు నా అసలు బాధ చెబుతాను. మనం వేసే అంచనాలన్నీ ఢిల్లీ వైపు చూసి వేసేవే. మనకంటూ ఒక అవార్డు ఉండేది, 1964లో మొదలైన నంది. ఆ నంది మా లేపాక్షి బసవన్నే. ఇప్పుడు లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కానీ మాకు అది ఎప్పటికీ మా అనంతపురం నందే. 2017 నవంబరులో మూడేళ్ల సినిమాలకు, అంటే 2014, 2015, 2016లకు, కలిపి ఒకేసారి అవార్డులు ప్రకటించారు. సినిమా నంది అంతటితో ఆగిపోయింది. తెలంగాణ 2025లో గద్దర్ అవార్డులు మొదలుపెట్టి, వెనకటి ఏళ్లకు కూడా లెక్క సరిచేసింది. మన బసవన్న మాత్రం అలాగే కూర్చున్నాడు. నంది మళ్లీ రావాలి. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

ఓర్వకల్లు మాస్టారు (కర్నూలు)

నేను కాదంటాను బాబూ. ఆ 2017 ప్రకటన తర్వాత ఏం జరిగిందో మరిచిపోయావా? 'రుద్రమదేవి'కి మొదటి మూడు స్థానాల్లో ఏదీ ఎందుకు రాలేదని దాని దర్శకుడు గుణశేఖర్ బహిరంగంగానే అడిగాడు. సినిమావాళ్లే టీవీల్లో కూర్చుని వర్గాలుగా విడిపోయి తిట్టుకున్నారు. ప్రభుత్వం చేతిలో ఉన్న అవార్డుకు ఆ మచ్చ తప్పదు. ఏ పార్టీ ఉన్నా అంతే.

ఢిల్లీ మనకు అన్యాయం చేస్తోందని కూడా నేను అనుకోవడం లేదు. 2015 సినిమాల్లో 'బాహుబలి' మొదటి భాగమే దేశంలో ఉత్తమ చిత్రం అయింది. 2021 సినిమాలకు ఉత్తమ నటుడు మన అల్లు అర్జున్. ఒక తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. 71వ అవార్డుల్లో 'బేబి'కి స్క్రీన్‌ప్లే, 'హను-మాన్'కు యానిమేషన్, యాక్షన్ విభాగాల్లో అవార్డులు, 'భగవంత్ కేసరి'కి ఉత్తమ తెలుగు చిత్రం వచ్చాయి. ఇంతకన్నా ఏం కావాలి?

నీ అంచనాల్లో ఒకటి నేను ఒప్పుకుంటాను, '35'. మా స్కూల్లో అట్లాంటి పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

తాడిపత్రి పిల్లోడు

అన్నా, అల్లు అర్జున్‌కు రెండోసారి రాదని ఎట్లా అంటావు? కమల్ హాసన్‌కు మూడుసార్లు వచ్చింది, మమ్ముట్టికి మూడుసార్లు వచ్చింది, అమితాబ్‌కు నాలుగుసార్లు. రెండో భాగంలో ఆ జాతర ఒక్కటి చాలు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం వేసి మొక్కు తీర్చుకుంటారు కదా. అంత పెద్ద హీరో చీర కట్టుకుని, ఒళ్లంతా నీలం రంగు పూసుకుని ఆ ఆచారాన్ని దేశమంతా చూసేలా ఆడాడు. అది నటన కాకపోతే ఇంకేంది? గద్దర్ అవార్డుల్లో ఉత్తమ నటుడు ఇచ్చింది కూడా రెండో భాగానికే.

నంది విషయంలో నేను సప్తగిరి అన్న వైపే. మా ఊళ్లో పుట్టిన కె.వి.రెడ్డి 'పెద్ద మనుషులు' తీస్తే 1954 సినిమాలకు ఇచ్చిన అవార్డుల్లోనే రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. అప్పటికి ఇంకా నంది పుట్టనే లేదు. ఇప్పుడు మా ఊళ్లో ఒక కుర్రాడు షార్ట్ ఫిల్మ్ దాటి సినిమా తీశాడనుకోండి, వాడిని ముందు ఎవరు గుర్తించాలి?

మైదుకూరు అక్క (కడప)

మాస్టారు గారూ, మీరు చెప్పిన లెక్క నిజమే. కానీ అందులో ఉన్నవన్నీ బాగా ఆడిన సినిమాలే. ఆడని సినిమా సంగతి నేను చెబుతాను.

69వ అవార్డుల్లో ఉత్తమ గీత రచయిత చంద్రబోస్. అందరూ 'నాటు నాటు'కు అనుకుంటారు. దానికి ఆస్కార్ వచ్చింది, జాతీయ అవార్డు వచ్చింది మాత్రం 'కొండపొలం'లో పాటకు. మా కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ఆధారంగా తీసిన సినిమా అది. కరువొచ్చి గొర్రెలకు మేత, నీళ్లు లేక నల్లమలకు తోలుకుపోయే కాపరుల కథ. థియేటర్లో నేను చూసినరోజు మాతో కలిపి ఇరవై మంది కూడా లేరు. గొర్రెలు మేపిన మా నాన్న మాత్రం సినిమా అయిపోయాక కూడా సీట్లోంచి లేవలేదు. ఆ పాటకు అవార్డు అని వార్త వచ్చిన రోజు ఆయన పక్కింటికి వెళ్లి మరీ చెప్పి వచ్చాడు. కత్తి పట్టని సీమ మనిషి కథకు అవార్డు వస్తే ఎట్లా ఉంటుందో నేను ఆ రోజు చూశాను.

రెండేళ్ల తర్వాత 'బలగం'లో 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్‌కు అదే అవార్డు వచ్చింది. అంటే మట్టి వాసన ఉన్న పాట దొరికితే జ్యూరీ వదలడం లేదు. కానీ ఆ పాట జ్యూరీ దాకా చేరాలి కదా. జాతీయ అవార్డుకు నిర్మాతే దరఖాస్తు పెట్టుకోవాలి. ముందు ప్రాంతీయ జ్యూరీ చూస్తుంది, మన సినిమాలు కన్నడ సినిమాలతో కలిసి ఒకే ప్యానెల్ ముందుకు వెళ్తాయి. దాన్ని దాటితే ఢిల్లీ కేంద్ర జ్యూరీ. అన్ని భాషల సినిమాలున్న ఆ చోట తెలుగుకు ఉత్తమ చిత్రం ఒక్కటే. నందిలో అట్లా కాదు. బంగారు, వెండి, కాంస్య నందులని మూడు ఉత్తమ చిత్రాలు ఉండేవి. బాలల చిత్రానికి వేరే, తొలి సినిమా దర్శకుడికి వేరే, సినిమా మీద రాసిన పుస్తకానికి కూడా వేరే. టీవీకి నంది, నాటకాలకు నంది. సురభి నాటకం పుట్టిన జిల్లా మాది, నాటకాల నంది విలువ మాకు తెలుసు. ఇప్పుడు టీవీ నటులకు మిగిలింది ఛానెళ్లు తమ సీరియళ్లకు తామే ఇచ్చుకునే అవార్డులే.

ఓర్వకల్లు మాస్టారు (కర్నూలు)

అమ్మా, మీ నాన్నగారి సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. చిన్న సినిమా విషయంలో మీరు చెప్పింది నిజం. కానీ నంది వస్తే పాత పద్ధతిలో వద్దు. ఏటా ఒకే తేదీకి ఇవ్వాలి. మూడేళ్లవి ఒక మూటగా కట్టి ఇస్తే అది అవార్డు కాదు, బకాయి. జ్యూరీ ఏ సినిమాకు ఎందుకు ఇచ్చిందో నాలుగు వాక్యాలు రాసి బయట పెట్టాలి. అంతవరకు నేను ఒప్పుకోను.

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

మాస్టారూ, ఆ రెండు షరతులకూ నేను సిద్ధం. ఇంకొకటి నేను కలుపుతాను: వేడుక హైదరాబాదులోనో విజయవాడలోనో కాదు, కనీసం ఒక ఏడాదైనా లేపాక్షిలో జరగాలి. బొమ్మ మాది తీసుకున్నప్పుడు పండగ కూడా మా దగ్గర ఒకసారి చేయాలి కదా.

కె.వి.రెడ్డి పేరు ఎత్తావు కాబట్టి తమ్ముడూ, ఫాల్కే సంగతి కూడా చెప్పాలి. తెలుగువాళ్లలో మొదట దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న బి.ఎన్.రెడ్డిది కడప జిల్లా. 1974 సంవత్సరానికి. ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డికి 1986కు వచ్చింది. ఒకే ఇంట్లో రెండు ఫాల్కేలు. మన నేల సినిమాకు ఇచ్చింది తక్కువేం కాదు.

తాడిపత్రి పిల్లోడు

లేపాక్షిలో పెడితే మా ఊరి నుంచి బస్సు మాట్లాడుకుని వస్తాం అన్నా. ఒక డౌట్: 'హను-మాన్' 2024 సంక్రాంతికి కదా వచ్చింది, 2023 అవార్డుల్లో ఎట్లా వచ్చింది?

మైదుకూరు అక్క (కడప)

లెక్కకు తీసుకునేది రిలీజ్ తేదీ కాదు తమ్ముడూ, సెన్సార్ సర్టిఫికెట్ తేదీ. దానికి 2023లోనే సర్టిఫికెట్ వచ్చింది. అందుకే ఎవరైనా లిస్టు రాసేటప్పుడు ఆ తేదీ చూసుకోండి. నా లిస్టు ఇది: ఉత్తమ తెలుగు చిత్రం '35', ఉత్తమ నటుడు మమ్ముట్టి, యాక్షన్ 'పుష్ప' రెండో భాగానికి. పాట సంగతి మా నాన్నను అడిగి రేపు రాస్తాను.