మొదటి ప్రపంచ యుద్ధ సిపాయి: పతకం ఉంది, మనిషి ఆచూకీ లేదు. ఏ రికార్డు చూడాలి?

మా ముత్తాత తమ్ముడిది 1914–18 నాటి వెండి యుద్ధ పతకం మా దగ్గరుంది. అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం పొడి అక్షరాల్లో చెక్కి ఉన్నాయి: ‘ఎస్.పి.ఆర్.’, అంటే సాపర్ (సైనిక ఇంజనీరింగ్ దళంలో సిపాయి); ‘2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం.’, అంటే మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ అనే ఆ ఇంజనీరింగ్ దళం. పేరు ఒక్క ముక్కే, ఇంటిపేరు లేదు. నంబరులో చివరి 3 అంకెలు స్పష్టం. ముందున్న అంకె మీద ఎవరో కొక్కెం అతికించిన టంకం పడింది. దాన్ని కరిగిస్తే చెక్కుడే పోతుందని ముట్టుకోలేదు.

కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల జాబితాలో పేరును ఆరు రకాల స్పెల్లింగులతో వెతికాను. ఊరు తణుకు తాలూకా. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడకముందు అది కృష్ణా జిల్లా కాబట్టి ‘కిస్ట్నా’ (కృష్ణాకు పాత ఇంగ్లిష్ స్పెల్లింగు), ‘గోదావరి’ రెండూ పెట్టి చూశాను. ఇరాక్‌లోని బస్రా యుద్ధ స్మారకం మీది పేర్లు చూడటం కూడా అయింది. ఎక్కడా లేడు. ఆ జాబితాలో 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 లోపు చనిపోయినవారే ఉంటారు, కాబట్టి యుద్ధంలో చనిపోకుండా ఆ తర్వాత ఎక్కడో బతికి ఉండొచ్చు కూడా. లాహోర్‌లో దొరికిన ఆ యుద్ధకాలపు రిజిస్టర్లు పంజాబ్ సిపాయిలవి, మనకు పనికిరావు. ఊళ్లో అందరికీ తెలిసింది ఒక్కటే: మళ్లీ ఇంటికి రాలేదు.

నంబరులో 3 అంకెలు, పేరు, దళం మాత్రమే చేతిలో ఉన్నప్పుడు, తండ్రి పేరు, ఊరు నమోదైన ఆ కాలపు షీట్ రోల్ (సిపాయి సర్వీసు వివరాల పత్రం) గానీ భర్తీ రిజిస్టరు గానీ ఎక్కడ, ఎలా అడిగి చూడవచ్చు?