స్విఫ్ట్‌కి 16 అంగుళాల వీల్స్ వేయొచ్చా?

ప్రశ్న: అన్నలూ, మాది చీమకుర్తి. స్విఫ్ట్‌కి 185/65 ఆర్15 టైర్లున్నాయి (వెడల్పు 185 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు). 16 అంగుళాల అల్లాయ్ వీల్స్ వేయాలని ఉంది, లుక్ కోసమే, దాచడమెందుకు! ఒంగోలు షాపులో 195/60 ఆర్16 వేసుకోమంటున్నారు. స్పీడోమీటరులో తేడా వస్తుందా?

నెల్లూరు నుంచి: వస్తుంది తమ్ముడూ. ఆ టైరు ఎత్తు సుమారు 640 మి.మీ., నీ పాతది 621. ఇప్పుడు 100 చూపించే వేగానికి అప్పుడు 97 చూపిస్తుంది. 195/55 ఆర్16 అయితే ఎత్తు దాదాపు సమానం. బిగించాక స్టీరింగ్ పూర్తిగా తిప్పి, టైరు లోపల రాసుకుంటుందేమో చూడు.

కందుకూరు నుంచి: 195/55లో టైరు పక్కగోడ ఇప్పటిదానికంటే 13 మి.మీ. తగ్గుద్ది. గ్రానైట్ లారీలు తిరిగే మీ రోడ్డులో గుంటలో దిగితే రిమ్ము వంగే ప్రమాదం ఎక్కువ. నేనైతే 15తోనే ఉంటా.

చీమకుర్తి: సరే అన్నా, 195/55 అడుగుతా. నాన్నకి మాత్రం సగం ధరే చెప్తా.