టెస్టులే లేని ప్రాజెక్టులో మొదటి టెస్టు ఎక్కడ రాయాలి?

ప్రశ్న:
నమస్తే అండి. రోమన్ లిపిలో టైపు చేసిన తెలుగును తెలుగు లిపిలోకి మార్చే చిన్న పైథాన్ లైబ్రరీని నాలుగేళ్లుగా నడుపుతున్నాను. ఓపెన్ సోర్సే. ఆఫీసు పని అయ్యాక రాత్రిపూట చేసుకునే పని, ముగ్గురం ఉన్నాం. కోడ్ సరిగా పనిచేస్తోందో లేదో దానంతటదే చూసే టెస్టులు ఒక్కటీ లేవు. ఏదైనా మార్చాక పదో పన్నెండో పదాలు కొట్టి చూసి, బాగుంటే మెర్జ్ చేసేస్తాం, అంటే అసలు కోడ్‌లో కలిపేస్తాం.

పోయిన నెల ఒకరు, కంటికి కనపడని అనవసర అక్షరాలను తీసేసే మార్పు పంపారు. చూశాను, కలిపేశాను. వారం తర్వాత ఒక టీచరుగారు రాశారు, 'సాఫ్ట్‌వేర్' అని రావాల్సింది 'సాఫ్ట్వేర్' అని వస్తోందని. అక్షరాలు వత్తుగా కలవకుండా ఆపే కనపడని అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా ఆ ఊడ్పులో పోయింది. అప్పటికే ఆవిడ పిల్లల కోసం నలభై పేజీలు టైపు చేశారట. మనసుకు చాలా కష్టంగా అనిపించింది. టెస్టులు పెట్టి తీరాలి. కోడంతా చూస్తే ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు. కవరేజీ (టెస్టులు నడిపి చూసే కోడ్ వంతు) 80 శాతం ఉండాలంటున్నారు, నిజమేనా?

జవాబు 1:
కవరేజీ సంగతి ఇప్పుడు వదిలేయండి. మీరు మూసేసిన పాత బగ్గులన్నీ తిరగేసి, ఒక్కోదానికి ఒక్కో టెస్టు రాయండి. టీచరుగారి పదమే మొదటిది. మీ లైబ్రరీ ఒక మాట తీసుకుని ఇంకో మాట ఇస్తుంది కాబట్టి మామూలు ఫైలు చాలు: ఒక్కో లైనులో ఎడమ పక్క టైపు చేసింది, కుడి పక్క రావాల్సింది. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్‌లో, ఒకే టెస్టును చాలా విలువలతో నడిపే పారామెట్రైజ్ వాడితే ప్రతి లైనూ విడి టెస్టుగా నడుస్తుంది. కోడ్ రాని తెలుగు మాస్టారు కూడా లైను చేర్చగలరు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది అదే.

టెస్టు రాయగానే ఆ పాత తప్పును కోడ్‌లో మళ్లీ పెట్టి నడపండి. ఎర్రగా రావాలి, అంటే ఫెయిల్ కావాలి. రాలేదంటే ఆ టెస్టు దేన్నీ కాపాడట్లేదు.

తర్వాత, టెస్టులను వాటంతటవే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో, ప్రతి పుల్ రిక్వెస్టుకూ (ఎవరైనా కలపమని పంపే మార్పుకూ) ఇవి నడిచేలా పెట్టండి. పబ్లిక్ ప్రాజెక్టులకు మామూలు రన్నర్లు (టెస్టులు నడిపే కంప్యూటర్లు) ఉచితమే. మొదటిసారి పంపేవాళ్ల మార్పుకు మామూలుగా మీరు అనుమతి నొక్కితేనే టెస్టులు నడుస్తాయి. ఆ బటన్ ఆలస్యం చేయకండి, కొత్తవాళ్లు ఎదురుచూస్తుంటారు.

జవాబు 2:
ఉబుంటు లినక్స్‌తో పాటు విండోస్ రన్నర్ కూడా పెట్టండి. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) చెప్పకపోతే విండోస్‌లో పైథాన్ చాలాసార్లు 1252 అనే పాత కోడ్ పేజీతో చదువుతుంది. తెలుగు ఫైళ్లకు మామూలుగా వాడే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో పొల్లు మూడు బైట్లు, మూడో బైటు విలువ 141. 1252లో ఆ విలువకు అక్షరమే లేదు. వత్తులోనూ పొల్లు ఉంటుంది, అంటే వత్తు ఉన్న మాట వస్తే ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. లినక్స్‌లో మాత్రం అంతా పచ్చగా ఉంటుంది. ఫెయిల్-ఫాస్ట్ కూడా ఆపేయండి, లేకపోతే ఒకటి పడగానే మిగతావి రద్దవుతాయి.

అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. శని, ఆదివారాలు కూర్చుని 63 లైన్లు చేర్చాను. ఒక్కటి మాత్రం అంతుపట్టడం లేదు. 'వైద్యం' రావాలి, 'వైద్యం' వచ్చింది, అయినా ఫెయిల్. ఎన్నిసార్లు చూసినా రెండూ ఒకటే.

జవాబు 1:
రెండు మాటలనూ యూనికోడ్ సంఖ్యలుగా ప్రింట్ చేసి చూడండి. ఐత్వాన్ని ఒకే అక్షరంగానూ రాయొచ్చు, ఎత్వం పక్కన ఐ గుర్తు పెట్టి రెండుగానూ రాయొచ్చు. తెర మీద తేడా ఉండదు. పోల్చే ముందు రెండు పక్కలా ఎన్ఎఫ్‌సీ (ఇలాంటి వేర్వేరు రాతలను ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేయండి. దాంతో నాన్ జాయినర్ పోదు, భయం లేదు. అయితే లైబ్రరీ బయటికిచ్చేది కూడా ఎన్ఎఫ్‌సీలోనే ఉండాలని ఇంకో టెస్టు రాయండి, లేకపోతే వాడేవాళ్లకు వెతుకులాటలో 'వైద్యం' దొరకదు.

అడిగినవారు:
అదేనండి! నా ఫైల్లో ఒక అక్షరం, కోడ్ ఇచ్చేది రెండు. లైబ్రరీనే సరిచేశాను. విండోస్‌లో మాత్రం రెండు చోట్ల ఎన్‌కోడింగ్ ఎర్రర్ వచ్చింది, ఈ రాత్రి వాటి మీద కూర్చుంటాను. టీచరుగారికి కొత్త వెర్షన్ పంపాను, ఆవిడ తన నలభై పేజీల్లోంచి తేడాగా వచ్చిన మాటలన్నీ ఏరి పంపుతానన్నారు.