మలక్‌పేట స్టేషన్ నుంచి హైటెక్ సిటీకి రోజూ ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో పోవచ్చా?

కొత్త కిరాయిదారు:
అందరికీ నమస్కారం. నల్గొండ నుంచి వచ్చి వారమైంది, మలక్‌పేటలో రైల్వే స్టేషన్‌కి ఐదు నిమిషాల నడకలో రూమ్ తీసుకున్నా. ఆఫీసు సైబర్ టవర్స్ దగ్గర, పదింటికల్లా సీట్లో ఉండాలి. ఇంటి ఓనరేమో "ఇక్కడ ఎక్కితే నేరుగా హైటెక్ సిటీలో దిగుతావు, పదీ పదిహేను రూపాయలతో పని అయిపోతుంది" అన్నాడు, ఆ మాటకే అడ్వాన్స్ ఇచ్చేశా. తీరా స్టేషన్‌కి పోయి చూస్తే ప్లాట్‌ఫాం మీద నలుగురు కూడా లేరు, పక్కన మెట్రో మెట్లమీద మాత్రం జాతర. టెన్షన్ పట్టుకుంది. ఇంకో సందేహం, మ్యాప్‌లో హైటెక్ సిటీ వైపు రైళ్లు పోయే నాంపల్లి స్టేషన్ ఇంత దగ్గర కనిపిస్తుంటే ఈ రైలు సికింద్రాబాద్ దాకా పోయి ఎందుకు తిరిగొస్తుంది? రోజూ పోయేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

యాకుత్‌పుర అక్క:
తమ్ముడూ, ఓనర్ అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు. ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి పోయే బండి మలక్‌పేటలో ఆగుతుంది, హైటెక్ సిటీలోనూ ఆగుతుంది, ఎక్కడా మారక్కర్లేదు. కానీ మధ్యలో కాచిగూడ, విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజ్, సీతాఫల్‌మండి, సికింద్రాబాద్, జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్క్, బేగంపేట, నేచర్ క్యూర్, ఫతేనగర్, భరత్‌నగర్, బోరబండ... వేళ్లమీద లెక్కపెట్టుకో. గంటకు పైనే అనుకుని బయల్దేరాలి. పైగా ఎంఎంటీఎస్‌కి సొంత పట్టాలు లేవు, ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ పోయే దారే, సికింద్రాబాద్ దాటేదాకా టైముకి గ్యారంటీ ఉండదు.

ఇక అసలు సంగతి. హైటెక్ సిటీ అని పేరుంది కదా అని మోసపోకు. రైల్వే స్టేషన్ వేరు, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ వేరు, రెండూ పక్కపక్కన లేవు. రైలు దిగాక సైబర్ టవర్స్‌కి షేర్ ఆటోనో బస్సో పట్టుకోవాలి, అక్కడ పొద్దున ట్రాఫిక్ ఎట్లుంటుందో నీకు త్వరలోనే తెలుస్తుంది.

కొత్త కిరాయిదారు:
అక్కా, రెండు స్టేషన్లూ ఒకటే అనుకున్నా! మరి మెట్రోనే బెటరా?

యాకుత్‌పుర అక్క:
పదింటి లాగిన్ అంటే పొద్దున మెట్రోనే. మలక్‌పేట మెట్రో ఎల్‌బీ నగర్ - మియాపూర్ లైన్ మీద ఉంది, అమీర్‌పేటలో దిగి రాయదుర్గం వైపు బండి మారితే చాలు. కాకపోతే 2025 మేలో ఛార్జీలు పెరిగాయి, ఇప్పుడు దూరాన్ని బట్టి 69 రూపాయల దాకా ఉంది. రెండు పూటలా అదే అయితే నెలకి ఎంతవుతుందో లెక్క చూసుకో.

పట్టాల పిచ్చి:
నాంపల్లి ప్రశ్న నాకు వదిలేయండి, ఈ సందేహం నాకు డిగ్రీలో ఉండగా వచ్చింది, ఇరవై ఏళ్లు తవ్వుతూనే ఉన్నా.

ఎంఎంటీఎస్ మొదలైంది 2003 ఆగస్టు 9న. కానీ ఆ రైళ్ల కోసం కొత్తగా దారి వేయలేదు, ఉన్న పాత లైన్ల మీదే నడిపారు, ఆ పాత లైన్లేమో రెండు వేర్వేరు కథలు. బొంబాయి - మద్రాసు లైన్‌ని అందుకోవడానికి నిజాం ప్రభుత్వం తన సొమ్ముతో ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి లైన్ వేయించింది, 1874లో బండ్లు నడిచాయి, అది బ్రాడ్‌గేజ్, అంటే వెడల్పు పట్టాలు. బేగంపేట, లింగంపల్లి ఆ దారిలోవే. 1907లో కట్టిన నాంపల్లి స్టేషన్ కూడా దాని కొమ్మే, హుస్సేన్‌సాగర్ దగ్గర చీలి ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా వచ్చి నాంపల్లిలో ఆగిపోతుంది. కాచిగూడ వైపు మాత్రం మీటర్‌గేజ్. గోదావరి లోయ మీదుగా మన్మాడ్ పోయే లైనూ, దక్షిణాన మహబూబ్‌నగర్ వైపు పోయేదీ అన్నీ సన్న పట్టాలే. మీ మలక్‌పేట స్టేషన్ ఆ మహబూబ్‌నగర్ దారిలోది, కాచిగూడ దాటి మూసీ మీద బ్రిడ్జి ఎక్కి దిగితే వచ్చేస్తుంది.

వెడల్పు పట్టాల బండి సన్న పట్టాల మీద నడవదు కదా, అప్పట్లో నాంపల్లినీ కాచిగూడనీ కలిపి ఏం లాభం? కలపలేదు. మీటర్‌గేజ్ తీసి బ్రాడ్‌గేజ్ చేసే నాటికి మధ్యలో కోఠి, సుల్తాన్‌బజార్ ఇళ్లూ దుకాణాలతో కిక్కిరిసి ఉన్నాయి, ఇంక లైన్ ఎక్కడ వేస్తారు? అందుకే రెండు దార్లూ కలిసేది సికింద్రాబాద్‌లోనే. నువ్వు రోజూ పోగొట్టుకునే అరగంట నిజాం కాలం నాటి గేజ్ పుణ్యం.

మలక్‌పేట పేరు కుతుబ్‌షాహీల కాలపు మలిక్ యాకూబ్ మీద వచ్చిందని అంటారు, అది అడగకపోయినా చెప్పేశా, ఏమనుకోకు.

మౌలాలి మనిషి:
సికింద్రాబాద్ తగలకుండా పోయే దారి ఒకటి వచ్చిందండీ, 2024 మార్చిలో ఘట్‌కేసర్ - లింగంపల్లి బండి మొదలైంది, మౌలాలి - సనత్‌నగర్ మీదుగా. మీకు పనికిరాదు లెండి, మా వైపు రూమ్ వెతికేవాళ్లకి ఉపయోగమని రాశా.

చాదర్‌ఘాట్ అన్న:
టికెట్ గురించి ఎవరూ చెప్పలేదు. కౌంటర్ దగ్గర క్యూ ఉంటే రైల్వే వాళ్ల రైల్‌వన్ యాప్ ఫోన్‌లో పెట్టుకో, కానీ పట్టాల పక్కన నిలబడి తీస్తే యాప్ ఒప్పుకోదు, ఇంటి దగ్గరే తీసుకో, లేదా స్టేషన్‌లో అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్. స్క్రీన్‌షాట్ చూపిస్తే చెల్లదు, యాప్‌లోనే చూపించాలి, కాబట్టి ఛార్జింగ్ చూసుకో. టికెట్ లేకుండా దొరికితే ఛార్జీ కాక కనీసం 250 జరిమానా. ఇంకొకటి, తొందరలో లేడీస్ పెట్టె ఎక్కకు, దానికీ వేరే ఫైన్ ఉంది. ఆదివారాలు కొన్ని సర్వీసులు రద్దు చేస్తుంటారు, ముందురోజు ఒకసారి చూసుకుని బయల్దేరు.

వాన పడితే మాత్రం రైలో మెట్రోనో ఏదైనా సరే, బైకు మాత్రం తీయకు. మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే దిల్‌సుఖ్‌నగర్ దాకా బండ్లు ఆగిపోతాయి.

కొత్త కిరాయిదారు:
పది రోజుల తర్వాత మళ్లీ వచ్చా. పొద్దున మెట్రో, సాయంత్రం తొందర ఉండదు కాబట్టి రైలు. ఒకరోజు ఉత్సాహపడి పొద్దున కూడా స్టేషన్‌కి పోయి వచ్చిన బండి ఎక్కేశా, అది సికింద్రాబాద్‌లోనే ఆగిపోయింది, మేనేజర్ ముందు ఏం చెప్పాలో తెలియలేదు. సాయంత్రం ఇంకోసారి బేగంపేట దాటాక కిటికీలోంచి చూస్తే నెక్లెస్ రోడ్ స్టేషన్! నాంపల్లి బండి ఎక్కానన్నమాట. వీటిని ముందే ఎలా గుర్తుపట్టాలి?

యాకుత్‌పుర అక్క:
నవ్వుకున్నా, మొదటి నెల అందరికీ అయ్యేదే. బండి పేరులోని రెండు ఇంగ్లిష్ అక్షరాలు చూడు. ఎల్ అంటే లింగంపల్లి, ఎఫ్ అంటే ఫలక్‌నుమా, హెచ్ అంటే హైదరాబాద్, అంటే నాంపల్లి, ఎస్ అంటే సికింద్రాబాద్. మొదటి అక్షరం బయల్దేరే చోటు, రెండోది చేరే చోటు. నీకు పొద్దున ఎఫ్‌ఎల్, సాయంత్రం ఎల్‌ఎఫ్. ఎల్‌హెచ్ వస్తే వదిలెయ్, ఒకవేళ ఎక్కేసినా కంగారు పడకు, ఖైరతాబాద్‌లో దిగి మెట్రో పట్టుకుంటే నేరుగా మలక్‌పేటే.

కొత్త కిరాయిదారు:
థ్యాంక్స్ అక్కా. నెల పాస్ తీసుకుందామనుకుంటున్నా, ఒక పూటే ఎక్కుతా కదా, గిట్టుబాటు అవుతుందా?

చాదర్‌ఘాట్ అన్న:
ఈ నెల ఎన్నిసార్లు ఎక్కావో రాసిపెట్టుకో, ఆ టికెట్ల డబ్బు పాస్ ధర దాటితే అప్పుడు ఆధార్, ఒక ఫొటో పట్టుకుని కౌంటర్‌కి పో.