అప్‌డేట్: పాపకి గోండి నేర్పించడం గురించి అడిగాను కదా

ఆ మధ్య అడిగాను కదా, పాప ఇంగ్లీష్ మీడియంలో నాలుగో క్లాస్, ఇంట్లో గోండి మాట్లాడితే చదువు దెబ్బతింటుందని వాళ్ళ స్కూల్లో అన్నారు ఏం చేయమంటారు అని. ఆపకండి అని చాలామంది చెప్పారు, థాంక్స్, ఆపలేదు.

ఇప్పుడు సాయంత్రాలు మా మామగారు గుంజాల లిపి నేర్పిస్తున్నారు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన పాత చేతిరాత పుస్తకాల లిపి అది, 2018లో యూనికోడ్‌లోకి (ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలు గుర్తించే ప్రమాణం) కూడా వచ్చింది, ఫాంట్ ఫ్రీగానే దొరుకుతుంది, ఫోన్‌లో తన పేరు చూసుకుని పాప మురిసిపోయింది. స్కూల్ మార్కులేం తగ్గలేదు, పైగా తెలుగు పాఠం చదివి తాతకి గోండిలో చెప్తోంది, అలా చెప్పాలంటే పాఠం అర్థమవ్వాలి కదా.

ఇదేం కొత్త సంగతి కాదండీ, 1940లలోనే గోండుల మీద పరిశోధన చేసిన హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త, మన ఆదిలాబాద్ వైపు మార్లవాయి ఊళ్ళో గోండు టీచర్లకి ట్రైనింగ్ పెట్టించి గోండి వాచకాలు రాయించారు, అవి దేవనాగరిలో ఉండేవి. రాజ్యాంగంలో 350ఎ అధికరణ, 2020 విద్యావిధానం రెండూ చిన్న క్లాసుల్లో మాతృభాషనే చెప్తున్నాయి. మరి మన పిల్లలకే ఎందుకు వద్దంటారు, నాకు నిజంగా బాధేస్తుంది.

లిపి ఒక్కటే సరిపోదని ఒకరన్నారు, కరెక్టే. ప్రధాన్‌లు (మా గోండుల కథలు పాడేవాళ్ళు) కీక్రీ అనే తీగల వాయిద్యం వాయిస్తూ చెప్పే మా వంశాల కథలు ఏ పుస్తకంలోనో చదివితే రావు, కూర్చుని వినాల్సిందే. అందుకే దీపావళికి దండారి (మా గోండుల నాట్యాల పండుగ) టైమ్‌లో పాపని ఊరికి తీసుకెళ్తున్నాం, లీవ్ లెటర్‌లో కారణం కూడా అదే రాశాను.