ఇంటికి ఒకే పద్ధతి చాలా, ఒక్కొక్కరి అలవాటుకూ చోటుండాలా?

కావలి నుంచి, చర్చ మొదలుపెట్టినవారు:

మా ఇంట్లో ఆరుగురం ఉంటాం. చేపల పులుసు పెట్టిన రోజున మా అత్తగారు దాన్ని ముట్టుకోరు. మామిడికాయ ముక్క మెత్తబడి, పులుపూ కారమూ చేపకు బాగా పట్టాక, మర్నాటి పొద్దున చద్దన్నంలోకి మాత్రమే వేసుకుంటారు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, ఒక్కసారి కూడా ఈ వరుస తప్పలేదు. మా ఆయనకు దాక పొయ్యి మీద నుంచి దించిన వెంటనే కావాలి. మా అబ్బాయికి ఆ వాసనే గిట్టదు. కాఫీ, స్నానం, నిద్ర, అన్నింట్లోనూ ఎవరి తీరు వారిదే. ఈ మధ్య నేను ఉద్యోగంలో చేరాక, ఇంటికి ఒకే వంట, ఒకే వేళ, ఏ పూటది ఆ పూటే అని నియమం పెట్టాను. అత్తగారు ఎదురు చెప్పలేదు గానీ, పులుసు పెట్టిన పూట పచ్చడి మెతుకులు తిని లేచిపోయారు. అప్పటినుంచి నా మనసు కుదురుగా లేదు. నేను చేసింది తప్పేనా?

ఒంగోలు నుంచి:

తప్పు కాదమ్మా. ఎవరి ప్రత్యేకతను వారికి ఉండనివ్వాలన్న మాట వినడానికి ఎంతో బాగుంటుంది గానీ, ఆ మర్యాద ఎవరి చేతుల మీదుగా జరుగుతోందో ముందు చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. 2024లో మళ్లీ లెక్క తీస్తే అవి 289, 88 అయ్యాయి. అంటే ఆడవాళ్లకు పది, మగవాళ్లకు తొమ్మిది నిమిషాలు తగ్గిందే తప్ప, నడుమ ఉన్న తేడా 202 నిమిషాల నుంచి 201కి వచ్చి ఆగింది.

మా ఇంట్లో పొద్దున ఒకరికి కారం దోశ, ఒకరికి ఉల్లి దోశ, ఒకరికి ఏమీ వేయని దోశ కావలసి వచ్చేది. పెనం ముందు గంటసేపు నిలబడిన మా ఆవిడ, అందరూ లేచిపోయాక గిన్నె అడుగున మిగిలిన పిండిని ఏదో ఒకటిగా పోసుకుని ఒంటరిగా తినేది. ఇంటికి ఒకే దోశ అని తీర్మానించుకున్న నాటి నుంచి ఆవిడ మాతో పాటు కూర్చుని తింటోంది. ఆ నాలుగో పళ్లెం ముందు మా ముగ్గురి రుచులూ నాకు చిన్నవిగానే కనిపిస్తాయి.

ఉదయగిరి నుంచి:

ఒంగోలు వారి లెక్కను నేను కాదనను. కానీ అన్ని అలవాట్లనూ దోశతో కలిపి ఒకే గాటన కట్టడం సరికాదు.

మా అమ్మది ఎడమచేతి వాటం. నూటికి సుమారు పదిమంది అలా పుడతారు. అయినా ఎడమచేత్తో వడ్డిస్తే అమర్యాద అనుకునే రోజులవి. ఆ పట్టింపు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అత్తింటికి వచ్చాక అమ్మ వడ్డనకు కుడిచేయి అలవాటు చేసుకుంది గానీ, పొయ్యి దగ్గర మాత్రం ఎడమచేత్తోనే కలిపేది. నాయనమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. మా ఊళ్లో చెక్కే కర్ర గరిటెలకు పేరుందని మీకు తెలిసే ఉంటుంది. అమ్మ ఏళ్ల తరబడి వాడిన తెడ్డు ఒకటి నా దగ్గర ఉంది. మామూలుగా అరిగే వైపు నిండుగా ఉండి, రెండో వైపు అరిగి అరిగి కొస నెలవంకలా వంగిపోయింది. నేను కుడిచేత్తో కలపబోతే అది గిన్నె అడుగుకు ఆనదు. దాన్ని పట్టుకున్నప్పుడల్లా అమ్మ పొయ్యి ముందు ఎలా నిలబడేదో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఆ అలవాటు నిలవడానికి నాయనమ్మ ఒక్క నిమిషమైనా అదనంగా చాకిరీ చేయలేదు. ఊరుకుంది, అంతే. ఇంకొకరు ఒళ్లు వంచితే గానీ సాగని అలవాటు వేరు, కాస్త చోటు వదిలితే చాలుననే అలవాటు వేరు. కావలి అత్తగారి పులుసు రెండో రకానిది. రెండు ముక్కలు గిన్నెలోకి తీసి మూతపెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

ఒంగోలు నుంచి:

తెడ్డు సంగతి ఒప్పుకుంటున్నాను. మర్నాడు ఆ గిన్నె తోమేది ఎవరో కూడా చెప్పండి.

కావలి నుంచి:

గిన్నె మా అబ్బాయి తోముతానన్నాడు, ఈ పొద్దున తోమాడు కూడా. అత్తగారు చద్దన్నంలోకి పులుసు వేసుకుని తృప్తిగా తిన్నారు. అంతవరకు సులువుగానే తేలింది.

కానీ ఉదయగిరి వారు గీసిన గీత మా ఇంట్లో ఒకచోట నిలవడం లేదు. అత్తగారు తెల్లవారుజామున నాలుగున్నరకు స్నానం చేసి దీపం పెడతారు. ఒకప్పుడు ఆ నీళ్లు ఆమే కాచుకునేవారు, మాలో ఎవరికీ మెలకువ కూడా వచ్చేది కాదు. మోకాళ్లు పట్టేశాక అది నా పని అయింది. ఆమె అలవాటు అప్పటిదే, ఒళ్లు మాత్రం అప్పటిది కాదు. చోటు వదిలితే సరిపోయినది వయసు మీద పడ్డాక ఇంకొకరి చాకిరీ అయితే, దాన్ని మానుకోమనడానికి నాకు నోరు రావడం లేదు, రోజూ నాలుగింటికి లేవడానికి ఒంట్లో ఓపికా ఉండడం లేదు. వారానికి నాలుగు రోజులు తాను లేచి నీళ్లు కాస్తానని మా ఆయన అన్నారు. మిగిలిన మూడు రోజులు ఆరింటికి జరుపుకోగలరా అన్నది ఆమెనే అడగాలి. నియమం పెట్టేటప్పుడు ఆ పని చేయలేదు. ఈ రాత్రి అన్నాలయ్యాక పక్కన కూర్చుని అడుగుతాను.